దిగుతారా అని అడిగిన మేడమ్

మేడమ్ పోయారన్న కబురు నాకు కంపెనీ బస్సులో తెలిసింది. ఆదిభట్లలో విమానాల భాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో నాది తనిఖీ పని. పొద్దుటి షిఫ్టుకు ఇబ్రహీంపట్నంలో బస్సెక్కి కూర్చున్నానో లేదో, కోహెడ నుంచి మమత ఫోన్ చేసింది.

"ఏడున్నవే?"

"బస్సుల. ఏమైంది?"

"మేడమ్ పోయింది. తెల్లారంగ. సార్ ఇప్పుడే ఫోన్ చేసిండు."

మా ఇద్దరికీ మేడమ్ అంటే ఒక్కరే. లేచి డ్రైవరన్నను బస్సు ఆపమన్నాను. వెనక సీట్లో రోజూ కూర్చునే ఆయన, "కంపెనీల ఏమని చెప్పాలె?" అన్నాడు.

"మా కోచ్ చనిపోయిందని చెప్పన్నా."

"కోచా? ఏం కోచ్?"

ఏళ్ళుగా ఒకే బస్సులో పోతున్నాం. నేను ఒకప్పుడు దేశం తరఫున నీళ్ళలోకి దిగానని ఆయనకు తెలియదు. తప్పు ఆయనది కాదు. మా మేడమ్ గురించి ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియకుండా పోయింది. తెలిసినవాళ్ళు కొందరున్నారు, వాళ్ళు చెప్పేది వేరే కథ. అందుకే ఇది రాస్తున్నాను. చనిపోయిన మనిషిని తలుచుకుంటూ రాసేటప్పుడు మంచి మాటలే రాయాలంటారు. మేడమ్ గురించి మంచే రాస్తాను. మిగతావాళ్ళ గురించి అలా రాయడం నాకు చేతకాదు.

మేడమ్‌ది కోస్తా వైపు. ఆవిడ భర్తను మేము సార్ అనేవాళ్ళం. సార్‌కు ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో ఉద్యోగం వస్తే ఇద్దరూ ఇటు వచ్చి, ఇబ్రహీంపట్నంలో ఇల్లు కొనుక్కుని ఉండిపోయారు. పిల్లలు లేరు. మేడమ్ కాలువలో ఈత నేర్చుకుని, కాలేజీ రోజుల్లో వాటర్ పోలో ఆడి, ఆ ఆటలోనే కోచింగ్ చదువు చదివినావిడ. నీళ్ళలో ఏడుగురు ఇటు, ఏడుగురు అటు ఉండి చేత్తో బంతి విసిరి గోల్ కొట్టే ఆట అది. కాలు నేలకు ఆనకూడదు. ఆట అయ్యేదాకా కాళ్ళు కవ్వంలా తిప్పుతూ తేలుతూనే ఉండాలి. చూసేవాళ్ళకు పైన బంతి కనిపిస్తుంది. కింద తన్నులు, గిచ్చుళ్ళు, బట్ట పట్టి లాగడాలు ఆడేవాళ్ళకే తెలుస్తాయి.

నేను బడిలో ఉన్నప్పుడు ఒకరోజు ఆవిడ మా క్లాసుకు వచ్చి, "మీలో ఈత వచ్చిన ఆడపిల్లలెవరమ్మా?" అని అడిగారు. చెయ్యెత్తింది నేనొక్కదాన్నే.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"మా బాయిల మేడమ్."

"నాకు చూపిస్తావా?"

ఆ ఆదివారం స్కూటర్ మీద మా పొలానికి వచ్చేశారు. ఒడ్డు పట్టుకోకుండా, రెండు చేతులూ పైకెత్తి ఉండగలిగినంతసేపు ఉండమన్నారు. ఉన్నాను. పొలంలో నీళ్ళు పెడుతున్న బాపు మోటరు బంద్ చేసి వచ్చి నిలబడ్డాడు. మేడమ్ విషయం చెప్పారు.

"నేను దీనికి ఈత నేర్పింది మునగకుంట ఉండాలెనని మేడమ్. కొట్లాడెటందుకు కాదు" అన్నాడు బాపు.

"ఈ ఆటలో రెండూ కావాలండీ."

బాపు బావి వైపు చూశాడు. "మొగపిల్లలతోనా?"

"అందరూ ఆడపిల్లలేనండీ."

"అయితె తీస్కపోండ్రి. సదువు మాత్రం ఆగొద్దు."

అమ్మ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఈత బట్టలు చూసి, "గిదేం బట్టనే, ఊరోళ్ళు సూస్తె ఏమనుకుంటరు" అని మూలకు విసిరేసింది. మేడమ్ వంటింటి గడప మీద కూర్చుని, "మా అమ్మ అయితే నాతో నెల రోజులు మాట్లాడలేదు వదినా, మీరు నయం" అన్నారు. వదినా అనేసరికి అమ్మ పొయ్యి వెలిగించింది. టీ పెట్టింది.

సాగర్ రోడ్డు మీద ఒక ప్రైవేటు కాలేజీకి స్విమ్మింగ్ పూల్ ఉండేది. పొద్దున్నే మాకు వాడుకోవడానికి ఇచ్చేలా మేడమ్ ఎవరెవరినో బతిమాలి ఒప్పించారు. మమత అక్కడే పరిచయం. చేప లాంటి పిల్ల. ముందు మేమిద్దరమే, తర్వాత పదిమందికి పైగా అయ్యాం. మేడమ్ బకెట్ బోర్లించి దాని మీద కూర్చునేవారు. మెడలో విజిల్, చేతిలో నెయిల్ కట్టర్. ఈ ఆటలో గోళ్ళు పెరిగితే రిఫరీ దిగనివ్వడు. ఆవిడ రిఫరీ దాకా రానిచ్చేవారు కాదు. చంటిపిల్లల చేతులు పట్టుకున్నట్టు ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని తానే తీసేవారు. తీస్తూ ఇంటి సంగతులు అడిగేవారు. ఎవరింట్లో ఏ గొడవుందో, ఎవరు తినకుండా వచ్చారో ఆవిడకు అలాగే తెలిసేది. తినని పిల్లకు డబ్బాలోంచి రెండు ఇడ్లీలు తీసి పెట్టాకే నీళ్ళలోకి దిగనిచ్చేవారు.

మమత ఆవిడ మాటను భలే అనుకరించేది. ఒకసారి వెనక నుంచి విని, కోప్పడకుండా, "గట్ల కాదే, మంచిగ దీర్ఘం తియ్యాలె" అన్నారు మా యాసలో. మేము నీళ్ళు మింగేంతగా నవ్వాం.

నన్ను గోల్‌కీపర్‌ని చేశారు. మొదట్లో నాకు ఏడుపొచ్చేది. అందరూ బంతి వేసేవాళ్ళే, నేను దెబ్బలు తినేదాన్ని. "స్కోరు బోర్డు చూడటం నా పని. నీ ఎదురుగా ఉన్న బంతి చూడటం నీ పని. రెండూ నువ్వే చెయ్యకు" అనేవారు. ఒకరోజు ముక్కు మీద బంతి తగిలి ఒడ్డుకు రాబోతుంటే, "ఏడుపొస్తే అక్కడే ఏడ్చెయ్యమ్మా. నీళ్ళలో ఎవరికీ కనపడదు" అన్నారు. ఆ సలహా నాకు ఎంత అవసరపడిందో.

రాష్ట్రం జట్టులోకి వచ్చాం. తర్వాత, ఎవరూ నమ్మలేదు గానీ, నేనూ మమతా దేశం జట్టుకు ఎంపికయ్యాం. మేడమ్‌ను ఆ జట్టుకు కోచ్‌గా వేశారు. అంతర్జాతీయ మహిళల వాటర్ పోలో ఛాంపియన్‌షిప్. పరాయి దేశంలో పోటీలు. బాపు పాస్‌పోర్టు చేతిలోకి తీసుకుని నా ఫొటో వైపు చూసి, "గీ మొకాన్ని ఇమానం ఎక్కనిస్తరా?" అన్నాడు. మళ్ళీ తనే దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

అక్కడ మేము ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. దాచిపెట్టి ఏం లాభం? ఆ జట్ల అమ్మాయిలు ఊహ తెలిసినప్పటి నుంచి ఆడుతున్నవాళ్ళు. ఒక్కొక్కరు మాకంటే జానెడు పొడవు. మాకు సరైన శిబిరం కూడా పెట్టలేదు, అందరం ఒకచోట కలిసి ఆడింది కొద్ది రోజులే. ఓడిపోతామని మేడమ్ మాకు ముందే చెప్పారు. "ఓడిపోవడానికి కూడా ఒక పద్ధతుంటుంది, అది నేర్చుకుని వద్దాం. మళ్ళీ వచ్చేటప్పుడు పనికొస్తుంది" అన్నారు. మళ్ళీ వస్తామని ఆవిడ నిజంగానే నమ్మారు.

చివరి మ్యాచ్ ఆ పోటీలన్నిటిలోకీ గట్టి జట్టుతో. అప్పటికి మా వాళ్ళలో కొందరికి జ్వరం, ఒక పిల్లకు భుజం పట్టేసింది. దిగడానికి సరిపడా ఉన్నాం గానీ మార్చడానికి ఒకరిద్దరే మిగిలారు. పొద్దున అందరం టిఫిన్ తింటుంటే మేనేజర్ సార్ వచ్చారు. ఈత సంఘం తరఫున మాతో వచ్చిన పెద్దమనిషి, మన హైదరాబాదాయనే. ఆయన ఒక్క మ్యాచ్ కూడా పూర్తిగా చూసినట్టు నాకు గుర్తు లేదు.

"ఇయ్యాల దిగకుర్రి" అన్నారు కుర్చీ లాక్కుంటూ. "పిల్లలకు పాణం బాగలేదని చెప్త. దిగకుంటె చిన్న స్కోరేసి పంపిస్తరు. దిగితె వాళ్ళు కుప్పలు పోస్తరు, రేపు పేపర్ల ఇజ్జత్ పోతది."

మేడమ్ చేతిలోని చెంచా కింద పెట్టారు. "ఎవరి ఇజ్జత్ అండీ?"

"అందరిది. నీది, నాది, దేశానిది."

"ఆడే పిల్లలు వీళ్ళు. వీళ్ళని అడుగుదాం."

మావైపు తిరిగి, ముందు తెలుగులో మా ఇద్దరినీ, తర్వాత హిందీలో మిగతావాళ్ళనూ అడిగారు. "ఓడిపోతాం. చాలా గోల్స్‌తో ఓడిపోతాం. రేపు నవ్వుతారు కూడా. దిగుతారా?"

ముందుగా మమత లేచింది. "దిగుతం మేడమ్. గింత దూరమొచ్చి ఒడ్డు మీద కూసుంటమా?"

జ్వరంతో దుప్పటి కప్పుకుని కూర్చున్న పిల్ల కూడా చెయ్యెత్తింది. నాకు భయంగానే ఉంది. బంతులన్నీ వచ్చేది నా మీదికే కదా. అయినా ఎత్తాను.

మేనేజర్ సార్ మొహం మాడిపోయింది. "ఏమైనా అయితె బాధ్యత నీదే మేడమ్. నన్నడగొద్దు."

"నాదేనండీ" అన్నారు మేడమ్, చెంచా మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ.

ఆ మ్యాచ్ గురించి మా ఇంట్లో కూడా నేను సరిగ్గా చెప్పలేదు. గోల్స్ పడ్డాయి. పడుతూనే ఉన్నాయి. ఒక బంతి చెవి మీద తగిలి కాసేపు ఏమీ వినిపించలేదు. నోట్లో క్లోరిన్ రుచి, దానితో కలిసి రక్తం. కొన్ని ఆపాను. ఆపిన ప్రతిసారీ ఒడ్డు మీద నుంచి మేడమ్ గొంతు వినిపించేది, "బాగుంది, తర్వాతది చూడు!" గోల్ పడినా అదే మాట, "తర్వాతది చూడు!" అంతే గొంతు, అంతే జోరు.

మూడో భాగంలో అనుకుంటా, వాళ్ళ చేతిలో జారిన బంతి మమతకు దొరికింది. మమత ఈదుకుంటూ పోయింది. వెనక నుంచి ఒకమ్మాయి దాని బట్ట పట్టుకుని లాగుతోంది, నాకు ఇక్కడి నుంచి కనిపిస్తోంది. అయినా ఆగలేదు. గోల్ ముందుకు పోయి నీళ్ళ మీద దెబ్బ కొట్టినట్టు బంతి విసిరింది. అది నీళ్ళను తాకి ఎగిరి, వాళ్ళ గోల్‌కీపర్ మోచేతి మీదుగా లోపల పడింది.

మేము కొట్టిన ఒక్క గోల్ అదే. ఎదుటి జట్టు బెంచీ మీద వాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. మా మేడమ్ గంతులెయ్యలేదు. గోడ వైపు తిరిగి కళ్ళద్దాలు తీసి చున్నీతో తుడుచుకున్నారు. మళ్ళీ ఇటు తిరిగి, "తర్వాతది చూడు!" అని అరిచారు.

తిరిగి వచ్చాక మా పేర్లు పేపర్లో పడలేదు. స్కోరు పడింది. దాని పక్కన "కోచ్ మొండితనమే కారణం" అని ఎవరో చెప్పిన మాట పడింది. ఎవరు చెప్పారో మాకు తెలుసు. మా ఊళ్ళో కుర్రాళ్ళు ఆ స్కోరునే నాకు పేరుగా పెట్టి పిలిచారు. నేను బస్టాండులో నిలబడితే వెనక నుంచి ఆ అంకె వినిపించేది. బాపు ఒకరోజు విని, వాళ్ళ దగ్గరికి పోయి, "మా బాయిల దూకి ఒడ్డు పట్టకుంట ఉండుర్రి, తర్వాత మాట్లాడుదం" అన్నాడు. ఎవడూ రాలేదు. పిలవడమూ మానలేదు.

మేడమ్‌ను కోచ్ పదవి నుంచి తీసేశారు. మాట వినదని చెప్పారట. అంతటితో ఆగితే బాగుండేది. తర్వాతి శిబిరానికి మమతనూ నన్నూ పిలవలేదు. ఎందుకని అడగడానికి మేడమ్ సంఘం ఆఫీసుకు పోయి, బయట బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చుని వచ్చారు. లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు. తన పదవి పోయినందుకు ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆ రోజు మాత్రం మా ఇంటికి వచ్చి, అమ్మ చేతులు పట్టుకుని, "వదినా, నా మూలంగా పిల్ల నష్టపోయింది" అన్నారు.

అమ్మ చేతులు విడిపించుకోలేదు. "నువ్వు దాని గొంతు పిసికినవా? వాళ్ళు పిసికిన్రు. నువ్వెందుకు ఏడుస్తవ్?" అంది.

తర్వాత పూల్ కూడా పోయింది. కాలేజీ వాళ్ళకు పెళ్ళిళ్ళకిచ్చే లాన్ కావాల్సి వచ్చింది. టిప్పర్లతో మట్టి తెచ్చి పోస్తున్నారని తెలిసి ముగ్గురం పోయి గేటు దగ్గర నిలబడ్డాం. మేడమ్ చాలాసేపు చూసి, "లోతు ఎక్కువ కదా, బోలెడు మట్టి పడుతుంది వీళ్ళకి" అన్నారు. మమత మాత్రం మట్టి పోస్తున్నవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టింది. వాళ్ళ తప్పేముంది, పనివాళ్ళు.

పిల్లలు ఒక్కొక్కరే చెదిరిపోయారు. మమత పెళ్ళి చేసుకుని కోహెడలోనే బట్టల కొట్టు పెట్టుకుంది. ఆట కోటాలో వస్తుందనుకున్న ఉద్యోగం నాకు రాలేదు, ఫ్యాక్టరీలో చేరాను. మేడమ్ ఆదిభట్ల దగ్గర ఒక గేటెడ్ కమ్యూనిటీలో చిన్నపిల్లలకు ఈత నేర్పడానికి కుదిరారు. షిఫ్టు అయ్యాక ఎప్పుడైనా అక్కడికి పోయేదాన్ని. నడుము లోతు నీళ్ళు. రంగురంగుల ట్యూబులు. ఒకావిడ ఫోన్ నుంచి తలెత్తకుండానే, "ఆంటీ, బాబు చెవుల్లోకి నీళ్ళు పోనియ్యకండి" అంటోంది. మా మేడమ్ ఆ బాబు చెవులు అరచేతులతో మూసి నవ్వుతున్నారు.

నాకు ఒళ్ళు మండింది. "మీరెవరో వాళ్ళకు చెప్పొచ్చు గద మేడమ్" అన్నాను.

"చెప్తే ఏమడుగుతారో తెలుసా? ఎన్ని గోల్స్‌తో ఓడిపోయారని" అన్నారు. ఆవిడ గొంతులో చేదు నేను విన్నది ఆ ఒక్కసారే.

జబ్బు ఊపిరితిత్తులకే వచ్చింది. ఈ చివర మునిగి ఆ చివర తేలే మనిషి వాకిట్లోంచి గదిలోకి నడవడానికి ఆగి ఆగి నడిచారు. దవాఖానలో చూడటానికి పోయినప్పుడు ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, "ఆ చివరి మ్యాచ్‌లో నువ్వు ఎన్ని ఆపావో ఎవరైనా లెక్కపెట్టారా?" అని అడిగారు.

"లేదు మేడమ్. పడినవే లెక్కపెట్టిన్రు."

"నేను పెట్టాను."

"ఎన్ని మేడమ్?"

దగ్గు తెర వచ్చింది. నర్సు వచ్చి మాస్కు సరిచేసి, ఇక మాట్లాడించవద్దంది. తర్వాత చెప్తానన్నట్టు మేడమ్ చెయ్యి ఊపారు. తర్వాత నేను పోయేసరికి మాట పోయింది.

ఆ రోజు బస్సు దిగి మేడమ్ ఇంటికి పోయేసరికి వాకిట్లో పదిమంది కూడా లేరు. స్నానం చేయించడానికి నేను, మమత, పక్కింటి పెద్దావిడ. మనిషి అంత చిక్కిపోయినా ఆ భుజాలు మాత్రం అలాగే ఉన్నాయి, వెడల్పుగా. మమత చెంబుతో నీళ్ళు పోస్తూ, పిల్లలకు పోసే అలవాటుతో ఒక చేత్తో ఆవిడ చెవి మూసింది. పెద్దావిడ వింతగా చూసింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

పదకొండో రోజున ఇబ్రహీంపట్నంలో ఒక ఫంక్షన్ హాల్లో సంతాప సభ పెట్టారు. పెట్టింది సంఘం వాళ్ళే. మేనేజర్ సార్ ఇప్పుడు ఆ సంఘానికే పెద్ద. శాలువాతో వేదిక మీద కూర్చున్నారు. హాలు బయట స్తంభాలకు పెద్ద ఫ్లెక్సీ కట్టించారు. అందులో మేడమ్ పేరు ఒక అక్షరం తప్పు పడింది. కింద సంఘం వాళ్ళ ఫొటోలు వరసగా, మేడమ్ ఫొటో కంటే కొద్దిగానే చిన్నవి.

మైకు తీసుకుని ఆయన, "ఆ దినం నాకిప్పటికీ యాదికున్నది" అని మొదలుపెట్టారు. "పిల్లలకు జెరాలు. ఎదురుంగ అంత పెద్ద టీము. దిగొద్దని అందరన్నరు. నేనూ మేడమ్ ఇద్దరం కూసోని మాట్లాడుకున్నం. ఓడినా సరే దిగాలె, దేశం కోసం దిగాలె అని మేమిద్దరం నిర్ణయం తీసుకున్నం. గదీ ధైర్యమంటే."

జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న మేడమ్ వాళ్ళ సార్ తల దించుకుని ఉన్నారు. ఆయనకూ నిజం తెలుసు.

మమత లేచింది. మైకు అక్కర్లేని గొంతు దానిది. "నువ్వు దిగొద్దన్నవ్ సార్. ఇజ్జత్ పోతదన్నవ్. దిగుతరా అని మమ్మల్ని అడిగింది మేడమ్ ఒక్కతే. అడిగినందుకు ఆమెను తీసేసినవ్. దిగినందుకు మమ్మల్ని తీసేసినవ్."

నేనూ లేచి దాని పక్కన నిలబడ్డాను. "అవ్ సార్. మేమిద్దరం అక్కడనే ఉన్నం" అన్నాను.

ముందు వరసలోంచి మేడమ్ వాళ్ళ సార్ వెనక్కి తిరిగి మా ఇద్దరినీ చూశారు. అప్పుడు వేదిక మీద మరొకాయన గబగబా మైకు అందుకుని, "దుఃఖంలో ఉన్నరు, పాపం. ఇప్పుడు అందరం లేచి మేడమ్ ఆత్మశాంతి కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అన్నాడు. కుర్చీల చప్పుడు. అందరూ లేచారు. తలలు వంచారు. మేడమ్ కోసం పాటించే మౌనంలో మేము మాట్లాడలేకపోయాం. మౌనం అయిపోగానే భోజనాలకు పిలిచారు.

తినకుండా వచ్చేశాం. సార్ గేటు దాకా వచ్చారు. మమత తల మీద చెయ్యి పెట్టి, నా తల మీద పెట్టి, లోపలికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత వారమంతా ముసురు పట్టింది. ఒక సాయంత్రం షిఫ్టు అయ్యాక బస్సు సాగర్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఆగింది. రోడ్డు పక్కన మక్క కంకులు కాల్చే ఆమె బండి మీద వాన పడకుండా ఫ్లెక్సీ కట్టుకుంది. బొమ్మ లోపలి వైపుకు ఉంది. కిటికీలోంచి వంగి చూస్తే మేడమ్ మొహం, సభ రోజు హాలు బయట కట్టిన ఫ్లెక్సీయే. అది పోటీల దగ్గర జట్టంతా నిలబడి దిగిన ఫొటో. మమ్మల్నందరినీ కత్తిరించేసి ఆవిడ ఒక్కరినే ఉంచారు. భుజం మీద ఎవరిదో తడి చెయ్యి మాత్రం మణికట్టు దాకా మిగిలిపోయింది. నాదో, మమతదో తెలియలేదు. వాన నీళ్ళు నిండి ఫ్లెక్సీ నడుమ కడవలా కిందికి వేలాడుతోంది. కంకులామె విసనకర్ర పక్కన పెట్టి, కట్టె ఒకటి తీసుకుని కింద నుంచి మెల్లగా పైకెత్తింది. నీళ్ళన్నీ ఒక్కసారిగా అంచు దాటి రోడ్డు మీద పడ్డాయి. మొహం సాఫీగా అయింది. మళ్ళీ చినుకులు పడి, మళ్ళీ నిండటం మొదలైంది.